ముట్టని ముక్క

1999 మే నెల. ఆత్మకూరు బస్టాండు ఎదుట, మేడ మీద కంప్యూటర్ల కొట్టు. లోపల కొట్టు యజమాని చంద్రమోహన్, కూతురి కోసం కంప్యూటర్ కొనడానికి వచ్చిన టీచరమ్మ జెస్సీ, ఆమె భర్త సామ్యేలు.

“వద్దని చెప్పినా గదా చంద్రమోహన్, మళ్ళీ కార్డంటావేంది?”

“పేక కార్డు కాదు సార్, త్రీడీ కార్డు. ఇదో, ఈ పచ్చ అట్ట. ఇది బిగిస్తేనే పాప అడిగిన కార్ల ఆట నున్నగా పరిగెత్తేది. లేకుంటే గుంతల్లో ఎద్దులబండి మాదిరి ఎగిరెగిరి పడతాది.”

“పడనీ. కార్డు అనేది నా ఇంట్లోకి రాకూడదు.”

“పేరు కార్డయితే ఏమయ్యా? ఇంట్లో రేషన్ కార్డు లేదా?”

“నువ్వు ఊరుకో జెస్సీ. సంఘం ముందర మోకరించి చెప్పినాను, పేకముక్క ముట్టనని.”

“నేనూ విన్నాను. ఆ మాట నమ్మే గదా అప్పుడు పాపను చంకనేసుకోని ఉదయగిరి పుట్టింటి నుంచి తిరిగొచ్చినాను. ఇది పేక కాదు, మిషన్ లోపలి అట్ట అంటున్నాడు గదా. ఏంజెలిన్ పదిలో ఫస్టుక్లాసు తెస్తే ఆటల కంప్యూటర్ కొనిస్తానని మాటిచ్చింది ఎవరు? మాట మీది, జీతం నాది.”

“కొంటున్నాం గదా, కొనలేదన్నానా?”

“ఏం కొంటున్నారు? స్పీకర్లు వద్దన్నారు. జాయ్‌స్టిక్ వద్దన్నారు. ఇప్పుడు కార్డూ వద్దు. ఆటలాడని ఆటల కంప్యూటర్! కోడి లేని గంప!”

“ర్యామైనా ముప్పై రెండు వెయ్యనా సార్? మిషన్‌కి జ్ఞాపకం పెరుగుతాది.”

“పదహారు చాలు.”

“దేనికి చాలు?”

“దేనికైనా.”

“దేనికైనా అంటే?”

“అబ్బా, దేనికైనా అంటే దేనికైనా! మౌస్ మాత్రం మంచిది పెట్టు చంద్రమోహన్. మెత్తగా తిరగాల, మణికట్టు నొయ్యకుండా.”

“మణికట్టు నొస్తాదని మీకెవరు చెప్పినారు?”

“ఎవరో... ఆఫీసులో అనుకుంటా ఉంటే విన్నా.”

“మీ ఆఫీసులో ఉండేది టైపు మిషన్లే గదా?”

“ఇదిగో, ఇందుకే నేనొక్కడినే వచ్చి తేలుస్తానంటిని. వింటివా? వెంటబడి వచ్చినావు.”

“వచ్చినందుకే ఈ కొట్టు చూసినాను. ఛీ, ఏంది తమ్ముడూ ఈ మౌసు! ముట్టుకుంటే జిగట. మెడ మీద మట్టి పేరుకున్నట్టు నల్లగా పేరుకోని ఉండాది. ఆ గ్లాసుల్లో ఈగలు!”

“చూసుకోలేదక్కా. పొద్దుటివి. పందెం టీలు.”

“ఏం పందెం?”

“చంద్రమోహన్, బిల్లు రాయి.”

“ఏమీ తేలకుండా బిల్లేంది? తమ్ముడూ, కార్డుంటే ఎట్టుంటాదో, లేకుంటే ఎట్టుంటాదో ఒకసారి చూపియ్యి. నేను తేలుస్తా.”

“వద్దు జెస్సీ, బస్సు పోతాది.”

“ఉండేది ఆత్మకూరులోనే గదా, బస్సెందుకు మనకి?”

“అది కాదు...”

“ఏది కాదు?”

“ఈ మిషన్ ఆన్‌లోనే ఉండాది అక్కా. తెర ఒక్కటే నల్లబడింది. మౌసు కొంచెం కదిలించు, వస్తాది.”

“ఇట్నా? ఆ, వచ్చింది. అంతా పచ్చగా... ఇదేంది? ఇస్పేటు రాణి. ఆటీను జాకీ. ఇవి పేకముక్కలు గదా?”

“అయ్యో, మూసేయొద్దక్కా! సార్ ఆట సగంలో ఉండాది.”

“ఏ సార్?”

“మన సారే. మళ్ళీ వచ్చి పూర్తి చేస్తానంటే ఆర్పకుండా పెట్టినా.”

“పొద్దున ఈయన మా సంఘంలో శీనమ్మకి ఒంట్లో బాగలేదని ప్రార్థనకి పోయినాడే.”

“ప్రార్థనకా? రోజూ ఈడికే గదా అక్కా... సార్, నాకేం తెలుసు, మీరు చెప్పొద్దనలేదే!”

“జెస్సీ, విను. దేవుని తోడు, నేను ముక్క ముట్టలేదు.”

“ఇంక దేవుణ్ణి దేనికి పిలుస్తావు?”

“నిజంగానే ముట్టలేదు. చేత్తో ముట్టుకుంటే గదా తప్పు? ముట్టింది మౌసునే. పందెమూ డబ్బు కాదు, టీ.”

“అప్పుడూ టీతోనే మొదలుపెట్టినావు.”

“జెస్సీ...”

“దేవుడికిచ్చిన మాటలో నీకు దూరేదానికి సందు దొరికింది. పాప దగ్గరకొచ్చేసరికి అదే మాట గోడ మాదిరి అడ్డం పెట్టినావు. కార్డనే పేరు కూడా నా ఇంట్లోకి రాకూడదంట! ఎంత పరిశుద్ధుడివి!”

“మెల్లగా మాట్లాడు, కింద కొట్టోళ్ళు వింటారు.”

“ఇందాక నేను పట్టుకున్న జిగట నీదేనన్నమాట. ఛీ. రోత పుడతా ఉండాది. తమ్ముడూ, నీళ్ళు యాడున్నాయి? చెయ్యి కడుక్కోవాల.”

“మెట్ల కింద కుళాయి ఉండాది అక్కా. సబ్బు ఇమ్మంటావా?”

“ఇయ్యి. ఆ కార్డు వెయ్యి. స్పీకర్లు, జాయ్‌స్టిక్, ముప్పై రెండు ర్యామ్, పాప అడిగినవన్నీ వెయ్యి. ఆ పేకాట మాత్రం తీసెయ్యి.”

“తీసేస్తా అక్కా. రేపు సాయంత్రానికి బిగించి దించుతా. సార్ ఇల్లు నాకు తెలుసు.”

“ఆ ఇంటికి కాదు తమ్ముడూ. ఉదయగిరిలో మా అమ్మింట్లో దించు. పాపా నేనూ ఇంక ఆడనే ఉంటాము.”