ఎడమ పక్క అద్దం

మూడోసారిరా బామ్మర్దీ, మూడోసారి! పదిహేను రోజుల్లో ఒకే అద్దం మూడుసార్లు వదులైందంటే దాన్నేమనాలి? తలుపు వేస్తే చాలు, తల ఊపుతుంది. గతుకులో పడితే ఆకాశం చూపిస్తుంది. ఎడమ పక్క ఏ బండి వస్తోందో చూద్దామంటే నాకు కాకులు కనపడుతున్నాయి. నవ్వకు. నీ పనితనం గురించే చెప్తున్నా.

ఆదివారం పూట షెడ్డు తెరిపించానని మొహం అలా మాడ్చుకోకు. రేపు ఏడున్నరకల్లా ఆరుగురు పిల్లల్ని బడి దగ్గర దింపాలి నేను. కన్నవాళ్లు నన్ను నమ్మి ఎక్కిస్తున్నారు, తెలుసా?

కారు పాతదే, ఒప్పుకుంటా. దానికీ కీళ్లనొప్పులొచ్చాయి. అయితే? ఇంజను ఇంకో పదేళ్లు లాగుతుందని నువ్వే అన్నావుగా. అంత ఇంజను లాగుతుంటే ఈ కాస్త అద్దం నిలబడదా? మూడు స్క్రూలు! మూడే మూడు! నా ఖర్మ కాకపోతే ఏంటి!

ఆ, అన్నాను. పిల్లల అమ్మలందరి ముందూ అన్నాను, మా బామ్మర్ది చేతి పని ఇంతేనని. అక్కడిదాకా వచ్చిందా నీకు? ఏం, తప్పా? గురువారం ఏమైందో తెలిసే మాట్లాడుతున్నావా?

బుడ్డది దిగింది. ఆరుగురిలోకీ చిన్నది, నీళ్లసీసా ఎప్పుడూ మర్చిపోతుంది చూడు, అదే. దిగి, తలుపు వేసి, సీసా గుర్తొచ్చి మళ్లీ వెనక్కొచ్చి ఎడమ పక్క తలుపు పట్టుకుంది. నేను గేరు వేశాను. బండి కదిలింది. ఆ రోజు వాళ్లమ్మ బడి గేటు దగ్గరే ఉంది కాబట్టి సరిపోయింది. పరిగెత్తుకొచ్చి డిక్కీ మీద రెండు చేతులతో దబదబా బాదితే అప్పుడు బ్రేకు తొక్కాను.

ఏం కాలేదులే. మోకాలు చెక్కుకుపోయిందంతే.

"అద్దం వదులైందమ్మా" అన్నాను. ఆవిడ నమ్మింది. అందరూ నమ్మారు. కళ్లముందు ఊగుతుంటే ఎందుకు నమ్మరు?

మీ అక్క ఒక్కతే అంది, "పోనీ నాలుగు రోజులు నేను నడపనా?" అని. దాని లైసెన్సు ఎనిమిదేళ్లుగా బీరువాలో బట్టల కింద పడుకుని ఉంది. "నువ్వు రివర్సు చేస్తే గోడలే పక్కకి తప్పుకోవాలి" అన్నాను. నవ్వి ఊరుకుంది, పాపం.

సరే, కబుర్లతో పొద్దుపోతోంది. తలుపు లోపల మూలనున్న ప్లాస్టిక్ మూత తీశావుగా, బిగించు మరి. ఏంటది, ఆ స్క్రూ తీసుకొచ్చి నా మొహం ముందు పెడతావేంటి?

గీతా? ఏ గీత?

ఓహో. బిగించాక స్క్రూ తల మీదుగా పసుపు రంగు గీత గీస్తావా, ఎవరైనా తిప్పితే తెలిసిపోయేలా. పైగా జిగురు కూడా పూశావా. అది పూస్తే ఎన్ని కుదుపులొచ్చినా దానంతటది ఊడదా. పోయినసారే చేశావా ఇదంతా? నాకు చెప్పలేదే! మంచిది నాయనా, బావ దగ్గరే గూఢచారి పని మొదలుపెట్టావన్నమాట.

స్క్రూ చుట్టూ ఆ గీకుళ్లా... ఎవరో విప్పి ఉంటారు. వీధిలో ఆకతాయిలకి కరువా? తాళం వేసిన కారులోకి ఎలా దూరారంటే నేనేం చెప్పను? దూరతారు. ఈ రోజుల్లో ఎక్కడికైనా దూరతారు.

ఒరేయ్, ఆ స్క్రూని అలా తిప్పి తిప్పి చూడకురా. తిట్టు. పోనీ మీ అక్కకి ఫోన్ చేస్తానని బెదిరించు.

నేనేరా.

నేనే విప్పాను. మొదటిసారి నిజంగానే వదులైంది, ఒట్టు. నువ్వు బిగించావు, రాయిలా నిలబడింది. మర్నాడు సీట్లో కూర్చుని చూస్తే అందులో ఏమీ లేదు. అంతా తెల్లగా, అలుక్కుపోయి ఉంది. అద్దం తుడిచాను. కళ్లజోడు తుడిచాను. మళ్లీ అద్దం తుడిచాను. కుడి కన్ను మూసుకుంటే అద్దమూ లేదు, తలుపూ లేదు. ఆ కుడిదీ ఇప్పుడు అదే దారి పట్టింది.

అద్దం గట్టిగా ఉంటే తప్పెవరిది అవుతుంది? నువ్వే చెప్పు. అందుకే పొద్దున్నే, పిల్లలు ఎక్కకముందే, స్క్రూడ్రైవరు పెట్టి నాలుగు చుట్లు వెనక్కి తిప్పాను. రెండోసారి ఎంతకీ కదల్లేదు. బలం పెడితే చెయ్యి జారింది. నీ జిగురని నాకేం తెలుసు!

నీ పరువు తీసి నా కన్ను దాచుకున్నానురా. భయం. డాక్టరు దగ్గరికెళ్తే బండి దిగమంటాడు. ఇరవై ఆరేళ్లుగా అందరూ డ్రైవరుగారూ అనే పిలిచారు. దిగాక ఏమని పిలుస్తారు?

శుక్రవారం బుడ్డది ఎక్కుతూ ఏమందో తెలుసా? "తాతా, నీ అద్దానికి దెబ్బ తగిలిందా?" అంది. మోకాలికి కట్టు దానిది, పరామర్శ నా అద్దానికి! ఆ రోజంతా అన్నం సహించలేదు నాకు.

సర్లే, బిగించు. ఉన్న జిగురంతా పుయ్యి. నీ గీత కూడా గీసుకో. అయిందా? ఏదీ, ఆగు, అలా కాదు. నా ఎత్తుకి పెట్టకు. కాస్త కిందికి వంచు. ఇంకాస్త.

మీ అక్క పొట్టిది కదరా.