కదిలితేనే పాట

గోదావరిఖని కాలనీలో, క్వార్టర్ వరండాలో మనవరాలు ల్యాప్‌టాప్ పెట్టి, బొగ్గుబాయి నుంచి రిటైరైన తాతను దాని ముందు నిలబెట్టింది. ఎదుట చెయ్యి ఊపితే కెమెరా కనిపెట్టి డప్పు మోగించే ఆటను ఆమే తయారుచేసింది; రేపు అంగన్‌వాడీ పిల్లలకు చూపించాలి.

"తాతా, ఏం మోగుతలేదేంది? పొద్దున మంచిగనే మోగింది."

"నాకేమెరుక బిడ్డా. నువ్వు నిలవడమన్న కాడనే నిలవడ్డ."

"రేపు పిల్లల ముంగట ఇజ్జత్ పోతది. కెమెరా ఖరాబైందో ఏమో."

"నా ముఖం సక్కగ పడ్తలేదా? అద్దాలు తియ్యాల్నా?"

"అద్దాలెందుకు తీసుడు? ఆగు... తాతా, నువ్వసలు ఊపిరి తీస్తున్నవా?"

"మెల్లగ తీస్తున్న. కదిలితే మళ్ల మొదటికొస్తది గద."

"కదలద్దని ఎవరన్నరు?"

"పింఛన్ కోసం బతికే ఉన్ననని ఏటేటా కెమెరాకు చూపించుకుంట గద. కదలకు, నవ్వకు, రెప్పలు మాత్రం కొట్టు అంటరు."

"అయ్యో తాతా, ఇది గది కాదు! దీనికి కదిలితేనే పాట. చెయ్యి లేపు."

"గిట్లనా?"

"ఆఁ, మోగింది! ఖరాబు కాలేదు! రెండోది గూడ లేపు."

"ఓయబ్బో! కాలుకు గూడ మోగుతదా?"

"మోగుతది. గట్ల ఎగురకు, మోకాలు పైలం!"

"మోకాలి సంగతి రేపు చూద్దాం. బిడ్డా, పింఛన్‌కు గూడ గిదే కెమెరా పెట్టుమను. నేను బతికున్ననని కాలనీ అంత ఇనవడ్తది!"