తోలుకొచ్చిన మనిషి

అశ్వారావుపేట దాటి అడవి మొదలయ్యే చోట ఒక మామిడితోట ఉంది. వాగవతల పేకాట క్లబ్బుకు వచ్చే పెద్దమనుషులు కార్లను ఆ తోటలోనే వదిలి, ట్రాక్టరెక్కి వాగు దాటాలి. పెద్దమనుషులన్నది వాళ్లకు వాళ్లు పెట్టుకున్న పేరే లెండి. కార్లకు కాపలా పక్క తండా రెడ్యాది. అది ఎనభై తొమ్మిది ఎండాకాలం, గురువారం మధ్యాహ్నం. సుబ్బరత్నం సగం పేకముక్క పట్టుకుని అతని ముందు నిలబడి ఉంది. అడగడం ఇది మూడోసారి.

“ముక్క కలిసింది కదా రెడ్యా, ఇంకా ఏం చూస్తావు? తాళాలియ్యి.”

“కలిసిందమ్మా. కళావరు జాకీ. పై సగం మీ కాడుంది, కింది సగం నా డబ్బాల ఉన్న కారు తాళంచెవికి కట్టి ఉంది. కలవలేదని నేనంటలే.”

“మరి?”

“జర కూసోండ్రి. మంచం నీడకు జరుపుత.”

“కూర్చోడానికి రాలేదయ్యా నేను. నాలుగున్నరకల్లా భద్రాచలం రోడ్ స్టేషన్లో ఉండాలి.”

“ఎవరొస్తున్నరు?”

“మా అన్నయ్యా, వదినా. మధిర నుంచి. బండి మా అన్నయ్యదే, వారం కిందట మాకు వాడుకోమని ఇచ్చాడు. రేపు ఇదే బండిలో రాములవారి దర్శనానికి వెళ్తారు. రైలు దిగేసరికి బండి వాళ్ల కళ్ల ముందుండాలి. చాలా? ఇంకేమన్నా కావాలా?”

“నీళ్లు తాగుతరా?”

“తాళాలు కావాలి!”

“ఇస్త. ఒక్కటి చెప్పుండ్రి. బండి తోలుకొచ్చింది ఎవరు?”

“ఎవరైతే నీకెందుకు? ఇందాక ఆ చందూలాల్ సేటు ముక్క చూపించగానే తాళం చేతిలో పెట్టావు. ఆయన్ని అడిగావా? కూర్చోమన్నావా? నీళ్లిచ్చావా?”

“సేటు బండి పెట్టేటప్పుడు నేనున్న. ఈ బండి వచ్చిననాడు నేను లేను.”

“ఎవరున్నారు మరి?”

“మంగీలాల్. ఆడు మనుషులను దింపేటందుకు ట్రాక్టర్ వాగవతలకు తోలుకపోయిండు. మళ్లొచ్చేసరికి బండి నిలబడి ఉన్నది. డబ్బాల తాళంచెవి, దానికి సగం ముక్క. రోజూ వచ్చేటోళ్లకు తెలుసు కదా, ఎవరూ లేకుంటే వాళ్లే ముక్క చింపి, సగం కట్టి, సగం పట్టుకపోతరు. మనిషిని ఎవ్వరు చూడలె.”

“చూడకపోతే ఏం? ముక్క తెచ్చినవాళ్లకి బండి ఇవ్వటమేగా మీ పద్ధతి?”

“అవ్. గదే పద్ధతి. ఈ ఒక్క బండికి మారింది.”

“ఈ ఒక్క బండికా!”

“తోలుకొచ్చిన మనిషికే ఇయ్యాలె.”

“ఎవరు మార్చారు? క్లబ్బు వాళ్లా? పద, నన్ను అవతలకి తీసుకెళ్లు, మేనేజరుతోనే మాట్లాడతాను.”

“ఇయ్యాల రెండు గంటలు దాటినంక గాని ట్రాక్టర్ కదలదు. నడుస్తనంటే ఇసుక కాలుతది. పోయినా లాభం లేదమ్మా. మార్చింది క్లబ్బోళ్లు కాదు, మా నాయక్.”

“మీ తండా నాయక్కి మా అన్న బండితో ఏం పని?”

“ఉన్నది పని. నా మాట విని గిట్ల చెయ్యుండ్రి. రెండింటికి కొత్తగూడెం బస్సున్నది. ఎక్కి పొండ్రి. ముక్క నాకిచ్చి పొండ్రి. తోలుకొచ్చినాయనను పంపుండ్రి, తాళంచెవి ఆయన చేతిలనే పెడత.”

“బస్సులో వెళ్లి మా అన్నకి ఏం చెప్పను? బండి పేకాట తోటలో ఉంది, బస్సెక్కు అన్నయ్యా అననా?”

“అనుండ్రి. నష్టం లేదు.”

“నష్టం నీకు లేదు! ... ఆయన్ని పంపే పని లేదు. తోలుకొచ్చింది నేనే.”

“మీరా?”

“నేనే. ఏం, ఆడవాళ్లు తోలకూడదా? పదహారేళ్లకే మా నాన్న జీపు మీద నేర్చుకున్నాను. తాళం ఇలా పడెయ్యి, తోలి చూపిస్తాను.”

“తోలుడు వస్తదని నమ్ముత. క్లబ్బుకు ఆడోళ్లు రారు గదా. ఏం పని మీద వచ్చిండ్రు?”

“క్లబ్బుకెవరొచ్చారు? బండి వేడెక్కింది. నీడ కనిపిస్తే ఇక్కడ పెట్టి, బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయాను.”

“ముక్క చింపుకొని?”

“... ఆ. మా ఆయన చెప్తుంటే విన్నాలే ఇక్కడి పద్ధతి.”

“సారు ఆడుతరా?”

“ఆడరు! ఎప్పుడన్నా స్నేహితుల కార్లో వచ్చి చూసి పోతారంతే. మొన్న సోమవారం మాత్రం రాలేదు. మా అన్నయ్య తరఫున ఎవరన్నా వచ్చి అడిగినా అదే చెప్పు.”

“ఓహో. అన్నకు తెల్వద్దు.”

“తెలియకూడదు. ఇక పేక ముట్టనని పోయిన ఏడాది మా అన్న కాళ్లు పట్టుకున్నారాయన. మళ్లీ ముట్టారని తెలిస్తే తన జిన్నింగ్ మిల్లు ఉద్యోగంలో నుంచి మెడపట్టి గెంటేస్తాడు. నాకిద్దరు ఆడపిల్లలు రెడ్యా. వాళ్లనేసుకుని ఎవరింటికి పోను? ఇప్పుడన్నా అర్థమైందా నా తొందర?”

“అయింది. సోమారం ఎన్ని గంటలకు తెచ్చిండ్రు?”

“ఒంటిగంటకి.”

“ఏ దిక్కు నుంచి?”

“సత్తుపల్లి వైపు నుంచి. కోర్టులో సాక్షిని అడిగినట్టు ఏంటయ్యా ఈ అడగటం? ముందు బండి చూపించు.”

“ఆ మూలకు. టార్పాలిన్ కప్పినది.”

“అన్ని బండ్లూ రోడ్డు వైపు మొహం పెట్టి ఉంటే ఇదొక్కటే చెట్టు వైపు తిప్పావేం?”

“నేను తిప్పలే. పెట్టింది మీరు గదా. మీరే చెప్పాలె.”

“... ఎండ. అద్దం మీద ఎండ పడుతుందని.”

“వెనక కూడ అద్దమే ఉంటది కదమ్మా.”

“నీతో వాదనేంటి నాకు! ఆ టార్పాలిన్ లాగు... అయ్యో! కాస్త లైటు పగిలిందన్నారు గానీ, ఇంత సొట్టా!”

“ఎవరన్నరు?”

“ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను, కాస్తే పగిలిందని.”

“ఎట్ల పగిలింది?”

“గేదె అడ్డమొచ్చింది.”

“ఏడ?”

“చింతలవాగు మలుపులో.”

“మా తండా దిగే కాడ.”

“ఏ తండానో నాకేం తెలుసు? మలుపు తిరగగానే గేదె. బ్రేకు వేసేలోపే తగిలింది.”

“దిగి చూసిండ్రా?”

“లేదు.”

“దిగలే.”

“గేదె కోసం ఎవరు దిగుతారు రెడ్యా? ఎవరిదో కనుక్కో, నష్టం కట్టిస్తాను. నీ తండా వాళ్లదేనా? అందుకేనా ఇంత రాద్ధాంతం? ముందే చెప్పొచ్చుగా!”

“అమ్మా, ఆలోచించి చెప్పుండ్రి. బస్సుకు ఇంక టైమున్నది. తోలింది మీరేనా? గుద్ది పోయింది మీరేనా?”

“నేనే, నేనే, నేనే! చాలా? ఇయ్యి తాళాలు!”

“చాలు. మా నాయక్ గదే అడిగిండు. తోలినోళ్లు తమ నోటితోని ఒప్పుకోవాలె అన్నడు. మా పంచాయితీల నోటిమాట లేనిది ఎవరి మీదా తప్పు వెయ్యం. పోలీసోళ్లు వచ్చి రాసుకపోయిండ్రు గాని, ఈ బండి సంగతి వాళ్లకు ఇంక చెప్పలె. ముక్క పట్టుకొని ఎవరొస్తరా అని నిన్నటి సంది ఈడనే కూసున్న. అన్నం కూడ ముట్టలె.”

“పోలీసులా? గేదెకి పోలీసులేంటి?”

“వంగి చూడుండ్రి. బంపరు సందుల. ఏమున్నది?”

“ఏదో గుడ్డ... ఎర్రగుడ్డ పీలిక.”

“గేదె తలపాగ కట్టుకుంటదా అమ్మా?”

“రెడ్యా...”

“మా తమ్ముడు సోమ్లా. సంతకు పోయి సైకిల్ మీద వస్తుండె. గంట సేపు ఆ ఎండల, ఆ మలుపుల పడి ఉన్నడు. బస్సోళ్లు చూసి చెప్తే తండా నుంచి ఉరికిన. నా చేతుల మీదనే దవాఖానాకు తీసుకపోయిన.”

“బతికాడా? చెప్పవయ్యా, బతికే ఉన్నాడా?”

“నిన్న పొద్దుగాల పోయిండు.”

“అయ్యో దేవుడా...”

“పోయే ముందు ఒక్క మాటన్నడు. తెల్లబట్టల సారు కారు దిగిండన్నా, నా మీదికి వంగి చూసిండు, నీళ్లడిగిన, మళ్ల ఎక్కి పోయిండు అన్నడు.”

“తెల్లబట్టల...”

“అవ్. మీరు కాదని మీరు వచ్చినప్పుడే నాకు ఎరుకే. గందుకే బస్సెక్కి పొమ్మన్న. మీరు వినలె. ఇప్పుడు మీ మాట నేనొక్కన్నే ఇనలేదమ్మా, ఆ ట్రాక్టర్ చాటున మంగీలాల్ ఉన్నడు, నాయక్ బామ్మర్ది ఉన్నడు. మీరు గిదే మాట మీద నిలబడితే తండా మొత్తం మీ మీదికే వస్తది. నేను ఆపినా ఆగరు. నాకు మీ మీద పగ లేదు. కడుపు కాలుతున్నది గాని, మీ మీద లేదు.”

“నేను... పేకాట సంగతి మా అన్నకి తెలియకూడదనే అన్నాను. అంతే అనుకున్నాను. నా పిల్లల మీద ఒట్టు, అంతే అనుకున్నాను.”

“గేదె అని ఎవరు చెప్పిండ్రు?”

“ఇదిగో ముక్క, నువ్వే ఉంచుకో.”

“ముక్క మీకెట్ల దొరికింది? సారు అంగీ జేబులనా?”

“దొరకలేదు. పొద్దున ఆయనే నా చేతిలో పెట్టారు. ఆడమనిషివి, నిన్నెవరూ ఏమీ అనరు, వెళ్లి తెచ్చెయ్యి అన్నారు. ఎవరడిగినా బండి నేనే తోలానని చెప్పు అన్నారు... ఎదురుగా కూర్చోబెట్టుకుని, రెండుసార్లు నా చేత చెప్పించుకుని విన్నారు, రెడ్యా.”