మూత లోపలి గీత

గడియారాలు బాగుచేసే ముసలాయన, కొట్టుకొచ్చిన అమ్మాయి ఇచ్చిన బంగారు ఇంగ్లీషు జేబుగడియారం వెనక మూత తెరిచి, కంటికి భూతద్దం పెట్టుకున్నాడు. మూత లోపల గీసి ఉన్న ఓ గీతని వేలితో తడిమాడు.

"ఎవరిదమ్మా ఇది?"

"మా మామగారిదండీ. పోయిన నెల ఆయన పోయాక బీరువాలో దొరికింది. గుడ్డలో చుట్టి అడుగున దాచుకున్నారు."

"ఎన్నాళ్లుగా?"

"ఎవరికీ తెలీదండీ. వాళ్ల నాన్నగారి గడియారం తన తమ్ముడు కాజేశాడని మాత్రం ఎప్పుడూ తిట్టిపోసేవారు. ఇది వేరేదేమో."

"వేరేది కాదు. బాగుచేసినప్పుడల్లా మేం మూత లోపల గుర్తు గీస్తాం. ఈ వంకర గీత నాదే, పని నేర్చుకునేటప్పుడు మొట్టమొదట గీసింది."

"అంటే, మీరు..."

"మీ చిన్నమామని. ఆ దొంగని. ఆ మొదటి గీత గీసింది మా నాన్న గడియారంలోనే. మా నాన్న చచ్చేదాకా నా మొహం చూడలేదు. ఇప్పుడు అన్నయ్య కూడా పోయాడంటున్నావు. ఇక నేనెవరిని నిలదీయనమ్మా?"