మందులంగడి బోణీ

నాగవేణి అని ఒకామె ఉండె, కొండపేటలో, రైలు గేటుకు అవతల. పుట్టినప్పుడు మొగపిల్లోడనుకోని ఇంట్లో వేరే పేరు పెట్టినారంట, ఆ పేరు మనకెందుకులే, ఆమెకే అక్కర్లేనిది. నేను ఆడదాన్నిమా అని పదహారేండ్లప్పుడు తల్లితో చెప్పినాదంట. చెప్తే ఇంట్లో ఉండనిస్తారా, ఉండనీలేదు. వచ్చేసినాది. వచ్చి రంగనాయకమ్మ అని ఇంకొకామె, ఈమె మాదిరే హిజ్రా, వయసులో పెద్దామె, ఆమె పంచన చేరినాది. ఇంక తల్లన్నా ఆమే, గురువన్నా ఆమే. ఒక రేకులిల్లు, ఇంటి ముందర నాలుగు బంతిచెట్లు. నాగవేణి పూలు కట్టి అమ్మేది, యాడన్నా పెండ్లయితేనో కొత్త అంగడి తెరిస్తేనో పిలుస్తారు కదా, పోయి దీవించి వచ్చేది. అట్ల జరిగిపోతాండె అనుకో.

ఏమైందంటే, ఆ పెద్దామెకు ఆయాసం పట్టుకున్యాది. మామూలు ఆయాసం కాదు, రొమ్ములో పిల్లికూతలు, నాలుగడుగులు ఏస్తే గోడ పట్టుకోవాల. సర్కారాస్పత్రిలో డాక్టరమ్మ చూసి, ఇదిగో ఈ పంపు నోట్లో పెట్టుకోని నొక్కి పీల్చాల, రోజూ పీల్చాల, ఇది ఇంట్లో లేకుండా మాత్రం చేసుకోవద్దండి అని చీటీ రాసిచ్చినాది. ఆ పంపు ఊర్లో దొరికేది ఒకే చోట, చలమయ్య మందులంగట్లో. పోయినాది నాగవేణి పొద్దున్నే. చలమయ్య ఆమెను చూసినాడో లేదో, "ఇంకా బోణీ కాలేదు, పో పో, మద్యాన్నం రా" అన్నాడు. సరే అని మద్యాన్నం పోయినాది. అప్పుడు జనం ఉండారు. "ఆడోళ్లుండారు కదా, రొంత పక్కన నిలబడు" అన్నాడు. మరి ఈమెవరు? పక్కన నిలబడినాది. ఎనక వచ్చినోళ్లంతా మందులు తీసుకోని పోతాండారు, ఈమె నిలబడే ఉండాది. కడాకు చలమయ్య ఏం చేసినాడో తెల్సునా, చీటీ కోసం చెయ్యి చాపలేదు, గల్లాపెట్టెలోంచి ఒక రూపాయి బిళ్ల తీసి బల్ల మీద ఇట్ల జరిపినాడు. "అన్నా, నేను అడుక్కోను రాలేదు, మందు కొనను వచ్చినా" అంటే, అక్కడున్నోళ్లలో ఇద్దరు నవ్వినారంట. మీరు నవ్వలేదులే, మంచిది. ఆ నవ్వుకు ఆమె ఇంక నిలబడలేక చీటీ మడిచి రైకలో పెట్టుకోని వచ్చేసినాది.

అప్పట్నుంచి ఇరవై మైళ్లు బస్సెక్కి పెద్ద టౌనుకు పోయి ఆ పంపు తెచ్చేది. మూడేండ్లు తెచ్చినాది. టౌనులో మటుకు ఏమన్నా పూలు చల్లినారా? ఆడా అంతే, కాకుంటే మొగం చూసే తీరిక ఆడ ఎవురికీ ఉండదు, డబ్బులిస్తే మందు పారేస్తారు. అట్లుండగా ఒకరోజు జాతరకు పోయి వచ్చేటప్పుడు పెద్దామె చేతిలో పంపు యాడ్నో జారిపోయినాది. తెల్లారి పనులు చేసుకుంటా ఉండగానే ఎగశ్వాస పట్టుకున్యాది. గోర్లు నల్లబడతాండాయి, కండ్లు తేలేస్తాంది. నాగవేణి కాళ్లకు చెప్పులు కూడా లేకుండా చలమయ్య అంగడికి ఉరికినాది. ఆయన అప్పుడే పటాలకు సాంబ్రాణి ఏస్తాండాడు. "అన్నా, మనిషి పోతాంది, ఆ పంపు ఇయ్యి, నీ కాళ్లు మొక్కుతా" అన్నాది. ఆయన తల తిప్పకుండా "పొద్దున్నే ఏడుపేందమ్మా అంగడి ముందర, రొంత ఆగు, ఎవురన్నా బోణీ చెయ్యనీ" అన్నాడంట. వింటాండారా? ఎవురన్నా బోణీ చెయ్యనీ అంట! ఈమె ఆగలేదు. ఆటో పిలుచుకోని, పెద్దామెను చంటిబిడ్డను ఎత్తుకున్నట్ల ఎత్తుకోని ఆస్పత్రికి పోయినాది. పోతానే మొగానికి మాస్కు తగిలించి ఆవిరి మందు పట్టినారు. ఇంకో పావుగంట అయ్యుంటే మా చేతిలో ఉండేది కాదు అన్నాది డాక్టరమ్మ. బతికినాదిలే పెద్దామె. మీరు అంత మొగాలు పెట్టొద్దండి, బతికినాది.

ఇదైన నాలుగు నెలలకు చలమయ్య బస్టాండు కాడ ఇంకో మందులంగడి పెట్టినాడు, అద్దాలు, చల్లమిషను, అంతా కొత్తది. వాళ్లత్త చెప్పినాదంట, నాగవేణిని పిలిపించి దీవెన ఇప్పించు, ఆమె చెయ్యి మంచిదంటారు అని. ఇంకేం, పళ్లెంలో చీర, రైకగుడ్డ, ఆకూవక్కా పెట్టుకోని ఈ చలమయ్యే రేకులింటికి వచ్చినాడు. నాగవేణి గడపలోకి వచ్చి చూసినాది. తిట్టాలంటే ఎంత సేపు? రెండు చప్పట్లు కొట్టి, మన్ను తీసి ఒక మాటంటే ఊరంతా నమ్ముతాది. ఆయనకూ ఆ భయం ఉండాది, గడప తొక్కకుండా బయటే నిలబడినాడు. ఈమె లోపలికి పోయి, "అమ్మా, వాడొచ్చినాడే" అన్నాది. పెద్దామె కాళ్లు జాపుకోని పూలు కడతాంది. "శాపం పెడితే వాడు చెడతాడో లేదో గానీ, మనకు మందయితే రాదు కదమ్మీ" అన్నాది, అని మళ్లీ పూలు కట్టుకుంటాంది.

నాగవేణి బయటికొచ్చి, "చీర వద్దన్నా. దీవిస్తా. అయితే అంగట్లో బోణీ నాది" అన్నాది. "దీవెనకు రమ్మంటే బోణీ అంటావేందమ్మా, బోణీ మా మామ చేస్తానని ఒప్పుకోనుండాడు" అన్నాడు చలమయ్య. "నా చెయ్యి మంచిదనే కదా వచ్చినావు? దీవెనకు మంచిదైన చెయ్యి బోణీకి చెడ్డదెట్లయితాది?" అన్నాది. ఆయన పళ్లెం తీసుకోని ఎళ్లిపోయినాడు. ఈమెకు అప్పుడు గుబులు మొదలాయె. ఉన్న ఒక్క దారీ పోగొట్టుకుంటినా, ఇంక పిలవనే పిలవడేమో అని.

గురువారం అంగడి తెరిచినారు. పిలుపు రాలేదు. అయినా ఉతికిన నూలు చీర కట్టుకోని, చీటీ పట్టుకోని పోయినాది. జనం బాగా ఉండారు. చలమయ్య మామ బొజ్జ ముందరేసుకోని, చేతిలో నోటు పట్టుకోని బల్ల కాడ నిలబడి ఉండాడు. నాగవేణి ఆయన ఎనక నిలబడినాది. చలమయ్య చూసినాడు. మామను చూసినాడు, ఈమెను చూసినాడు, ఈమె కాళ్ల దిక్కు చూసినాడు. ఆ పొద్దు చెప్పుల్లేని కాళ్లు గుర్తొచ్చినాయో ఏమో, నేనాయన లోపల దూరి చూసొచ్చినానా? "మామా, రొంత జరుగు" అన్నాడు. అని, చెయ్యి చాపినాడు. చీటీ కోసం చాపినాడు! చీటీలో ఆస్పత్రోళ్లు పెద్దామెకు పాత మొగ పేరే రాసి ఉండారు. అది చదివి, గట్టిగా పిలవకుండా, "బిల్లులో ఏం పేరు రాయమంటావమ్మా?" అన్నాడు మెల్లగా. "రంగనాయకమ్మ" అన్నాది. రాసినాడు. పంపు తీసి బల్ల మీద పెట్టి, అందరికీ చెప్పినట్లే, "పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. పీల్చినాక నీళ్లతో పుక్కిలించి ఉమ్మమను, లేకుంటే నోరు పూస్తాది" అన్నాడు.

మూడేండ్లుగా పెద్దామెకు నోరు పూస్తానే ఉండాది. కారం తినలేదు, మజ్జిగన్నం తప్ప ఇంకోటి దిగదు. ఎందుకో తెల్దు, ఎవురూ చెప్పలేదు, చెప్పేదానికి ఈమెను ఎవురు నిలబడనిచ్చినారు? నాగవేణి ఆ పంపు తీసుకోని, అంగడి మెట్టు మీద కూలబడి బోరున ఏడ్చినాది. దుఃఖం కాదప్పా అది. నెత్తి మీది కట్టెలమోపు దించితే మెడ తేలిగ్గా ఊగుతాది చూడు, అట్లాంటి ఏడుపు. మామ రొంత సేపు గొణిగినాడు, మళ్లీ ఆయనే మంచినీళ్లు తెచ్చిచ్చినాడంట. ఇప్పుడు నెలనెలా పోతాది, వరసలో నిలబడతాది, ఆలస్యమైతే అందరితో పాటు సణుగుతాది. పెద్దామె ఇప్పుడు గోంగూర తింటాంది, పచ్చిమిరక్కాయ కొరుక్కోని మరీ.

దీవెనా? ఇచ్చినాది, మాటిచ్చినాక ఇయ్యకుండా ఉంటాదా. కండ్లు తుడుచుకోని లేచి, గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టి, రెండు చేతులూ ఎత్తి, "ఈ అంగడికి వచ్చినోళ్లందరికీ ఒక్క మందుతోనే నయమై, మళ్లీ ఈ మెట్టెక్కే పని పడకుండా ఉండాల" అని దీవించినాది. జనమంతా చప్పట్లు కొట్టినారు. చలమయ్య మొగం మాత్రం అప్పుడు చూడాల్సింది మీరు. ఏం చేస్తాడు పాపం, ఇంటికి పోయి అడిగి తెచ్చుకున్న దీవెనాయె.