మూలగది నుంచి జవాబు

మధ్యాహ్నం ఆఫీసంతా భోజనాలకు లేచింది. కంప్యూటర్ల గదిలో ఇద్దరే మిగిలారు: రిటైర్మెంటు దగ్గరపడ్డా వేళాకోళం మానని పెద్దాయన, కొత్తగా చేరిన అమ్మాయి.

“బాబాయ్, ప్రింటర్లని నడిపే కొత్త ప్రోగ్రాం, అదే డ్రైవర్, మూలగది కంప్యూటర్లో ఎక్కట్లేదు.”

“చనిపోయిన గుమాస్తాగారిదా? కొత్తవన్నీ ముందు దానిమీదేగా పరీక్షిస్తాం. ఏమంటోంది?”

“‘ఎక్కించమంటారా’ అని అడిగితే, అక్కడెవరో ‘వద్దు’ అని నొక్కుతున్నారు. మూడుసార్లు.”

“వేళాకోళం నా వంతు, అమ్మాయ్. దాని కీబోర్డూ మౌసూ పీకి బీరువాలో పెట్టింది నేనే. గది తాళంచెవి ఇదిగో, నా జేబులో.”

“రెండింటికల్లా మూడొందల కంప్యూటర్లకీ పంపకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. పంపాక అవన్నీ మొరాయించినా ఊడుతుంది. ఏం చెయ్యను?”

“ఆయన్నే అడుగు. మర్యాదగా అడిగితే ఏదీ దాచేవాడు కాదు.”

“మెసేజ్ పెట్టాను.”

“ఓసి పిచ్చిదానా, నవ్వులాటకన్నాను!”

“జవాబొచ్చింది, బాబాయ్.”

“చదువు.”

“‘డ్రైవర్ మంచిదేనమ్మా, అందరికీ పంపుకో. నాకొక్కడికి వద్దు. అది ఎక్కాక కంప్యూటర్ ఆపి మళ్లీ వెయ్యాలిగా. ఆపితే నేను మళ్లీ రాలేను.’”

“జాబితాలోంచి ఆయన్ని తీసేసి పంపు, తల్లీ. నేను వెళ్లి ఆ గది స్విచ్చుకి టేపు అంటించి వస్తాను.”