గీతల కింది ముఖం

ఫొటో స్టూడియోలో ఒకామె తన ఫోన్‌ను ఫొటోలు దిద్దే అతని ముందు పెట్టింది. తెరపై ఆమె భర్త నవ్వుతున్నాడు. అతని పక్కనున్న మనిషి ముఖాన్ని ఎర్రటి గీతలు పూర్తిగా కప్పేశాయి.

"మా ఆయన క్యాంపు నుంచి పంపారన్నయ్యా. ఈ గీతలు తీసేయండి చాలు."

"గీసి పంపాక కింద ఏమీ మిగలదమ్మా. అసలు ఫొటో ఆయన ఫోన్లో ఉంటుంది. అడగకపోయారా?"

"అడిగాను. ఆఫీసులో ఆవిడట. తన ఫొటో నలుగురికీ వెళ్ళడం ఆవిడకి ఇష్టం ఉండదట. ఆరేళ్ళ కాపురంలో నా ఇష్టం ఏమిటో ఆయనకి తెలీదు. అందుకే కడుపు మండింది."

"లేనిపోనివి తవ్వి తలకెత్తుకోకండమ్మా. గీతలు చెరిపి అక్కడో ముఖం పెట్టగలను. కానీ అది నేను కల్పించిన ముఖమే అవుతుంది."

"పెట్టండి. పెద్ద కళ్ళు. నవ్వితే బుగ్గన సొట్ట."

కాసేపటికి అతను తెరను ఆమె వైపు తిప్పాడు.

"ఇలాగేనా?"

"కాదు. ఇంకా అందంగా ఉంటుంది."

"ఆవిడని మీరు చూశారా?"

"లేదు. ఆ ముక్కు ఇంకొంచెం సన్నగా దిద్దండి."